తలుపు తెరుచుకుంది, ధన్యవాదాలు

సంస్థలో తప్పులన్నవి పూర్తిగా అంతరించిపోయాయని యాజమాన్యం సగర్వంగా ప్రకటించింది. ఆ ఘనత వంతెనాయనది.

ఆ ఆఫీసులో తలుపులూ లిఫ్టూ నడిపే పాత ప్రోగ్రాములు నేటివ్ కోడ్‌లో ఉండేవి. తెర మీద మర్యాదగా మాట్లాడే కొత్తవి మేనేజ్డ్ కోడ్. ఒకరి గోడు ఒకరికి అర్థం కాదు గనుక నడుమ కామ్ అనే వంతెన. పాతవైపు ఎక్సెప్షన్, అంటే తప్పు జరిగిందన్న కేక, పుట్టి ఎంత లబోదిబోమన్నా, వంతెన మీద ఆ ఏడుపు ఒక అంకెగా మారి, అవతలి గట్టున మళ్లీ ఏడుపుగా వినబడాలి. ఆ దాటింపు వంతెనాయన ఉద్యోగం.

అయితే తెర మీద ఎర్రక్షరాలు కనబడితే మేనేజరుకు బీపీ. "ఇకమీదట ఏ తప్పూ గట్టు దాటడానికి వీల్లేదు" అని హుకుం జారీ చేశాడు. వంతెనాయన అసలే మెత్తని మనిషి. ఏ ఎక్సెప్షన్ వచ్చినా గుటుక్కున మింగి, సున్నా పంపే ఏర్పాటు చేశాడు. కామ్ భాషలో సున్నా అంటే అంతా క్షేమం. ప్రశంసాపత్రం వచ్చింది.

ఆ సాయంత్రమే ఆయన కూతురి నాటకం. చెట్టు వేషం, ఒకే ఒక్క మాట. "నువ్వు ముందు వరసలో కూర్చోవాలి నాన్నా, లేకపోతే నాకు మాట రాదు" అని మరీ మరీ చెప్పింది. ఆయన పెందలాడే సంచీ సర్దుకుని గుమ్మం దగ్గరికొచ్చి తలుపు మీట నొక్కాడు. "తలుపు తెరుచుకుంది, ధన్యవాదాలు" అంది తెర. ఆయన నుదురు ఠపీమని తలుపుకు తగిలింది. వెనక వచ్చినవాళ్లూ తెరను నమ్మి తలా ఒక బొప్పి కట్టించుకున్నారు.

మేనేజరు కుర్చీ ఎక్కాడు. "మిత్రులారా! రికార్డుల ప్రకారం తలుపు తెరిచే ఉంది. అంటే సాంకేతికంగా మనమంతా బయటే ఉన్నాం. పుకార్లు నమ్మకండి!"

చప్పట్లు మోగాయి.

"సార్, మా పాప నాటకానికి టైమైపోతోంది..." అన్నాడు వంతెనాయన.

"బయటే ఉన్నారుగా, వెళ్లండి మరి!"

పాత కోడ్ రాసిన పెద్దాయన నెత్తి కొట్టుకున్నాడు. "బోల్టు ఇరుక్కుందని మా ప్రోగ్రాం పొద్దుట్నించీ మొత్తుకుంటూనే ఉందయ్యా. నీ దగ్గరికొచ్చాకే దాని గొంతు పోతోంది."

చివరికి అగ్నిమాపక దళం వచ్చి తలుపు బద్దలు కొట్టింది. అందరూ బయటపడ్డాక, ఖాళీ గుమ్మం పక్కన తెర వెలిగింది: "తలుపు మూసుకుంది, ధన్యవాదాలు."

ఇంటికి చేరేసరికి ఆకుల కిరీటం సోఫా కింద పడి ఉంది. పాప గోడవైపు తిరిగి పడుకుంది. భార్య కంచం పెట్టింది, కాస్త గట్టిగానే.

"కోపమొచ్చిందా?" అన్నాడాయన.

"ఏం లేదండీ."

"ఏమ్మా, మాట చెప్పావా?"

"ఏం లేదు నాన్నా" అంది పాప, గోడతో.

మరో మగడైతే ఆ జవాబు నమ్మి హాయిగా భోంచేసేవాడు. ఈయన ఆ సున్నాలను తయారుచేసేవాడాయె. కంచం పక్కకు జరిపాడు.

తమరింట్లో అంతా క్షేమమే కదా?