బొటనవేలితో బస్సును కాపాడిన వైనం

మానవజాతి చరిత్రలో చక్రం తరవాత అంతటి గొప్ప వస్తువు ఏదైనా ఉందా అంటే, అది షేర్ బటనే అని నేను ఘంటాపథంగా చెబుతాను. కాదనేవాళ్లు రెండు చేతులూ ఎత్తండి. ఎత్తలేరు! ఒక చేతిలో ఫోనుంది కదా.

పూర్వం ఓ మంచిపని కోసం నలుగురినీ కదిలించాలంటే ఎన్ని అవస్థలు! ఎండలో నిలబడాలి. గొంతు చించుకోవాలి. గుడ్డ మీద రంగుతో నినాదం రాస్తే సగం అక్షరాలు పట్టి, మిగతా సగానికి చోటు చాలేది కాదు. ఇంటింటికీ తిరిగి తలుపులు కొడితే కుక్కలు వెంటపడేవి. కాలికి బలపం కట్టుకుని తిరిగినా చివరికి పోగయ్యేది ఓ పదిమంది. వాళ్లలో సగం మంది కాఫీ ఇస్తారనుకుని వచ్చినవాళ్లే.

ఇప్పుడా బాధ లేదు. మా పక్కింటాయన ఎడమ చెంప గీసుకునేలోపు ఒక అడవిని, కుడి చెంప గీసుకునేలోపు ఒక నదిని కాపాడేస్తాడు. గడ్డం దగ్గరికి వచ్చేసరికి లోకంలో కాపాడాల్సినవి అయిపోయి, ఊరికే అద్దంలో చూసుకుంటూ కూర్చుంటాడు. మా ఆవిడ మొన్న పొయ్యి మీద పాలు పెట్టి, అవి కాగేలోపు అంతరించిపోతున్న ఓ పక్షిజాతిని కాపాడింది. పాలను మాత్రం ఎవరూ కాపాడలేకపోయారు. అయినా ఇలాంటి మహత్కార్యాల్లో చిన్నాచితకా నష్టాలు తప్పవు కదా!

"దీనివల్ల ఒరిగేదేమిటి?" అని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు. మా కాలనీ వాళ్లం పన్నెండో నంబరు బస్సు కోసం ఏం చేశామో వింటే మీరు నోరెళ్లబెడతారు.

ముందుగా మా అక్క సంగతి చెప్పాలి. అక్క ఊరికి అవతలి కొసన ఉన్న పెద్దాసుపత్రిలో కాన్పుల వార్డు నర్సు. మా వీధి చివరే పన్నెండో నంబరు బయల్దేరుతుంది. పక్క కాలనీలో ఉండే అక్క పొద్దున్నే అక్కడ ఎక్కితే ఆసుపత్రి గేటు ముందు దిగొచ్చు. ఆ బస్సు లేకపోతే రెండు బస్సులు మారాలి, మధ్యలో ఓ వంతెన మెట్లెక్కి దిగాలి. రోజంతా నిలబడి పనిచేసే మనిషి. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పుల్లో పట్టవు.

అలాంటి బస్సుకు ముప్పొచ్చింది. స్టాపులో నోటీసు అంటించారు. జనం పెద్దగా ఎక్కడం లేదు కాబట్టి, ఒక నెల చూసి, అవసరం లేదనిపిస్తే ఈ రూటు ఆపేస్తామని దాని సారాంశం.

ఆ సాయంత్రం అక్క మా ఇంటికొచ్చింది. మంచినీళ్లయినా తాగకుండా విషయం చెప్పింది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ కాలనీ గ్రూపులో అంతమంది ఉన్నారు కదరా. ఈ ఒక్క నెల కాస్త అందరూ ఆ బస్సెక్కండ్రా. బస్సు వాళ్లు జనాన్ని చూసుకుని పోతారు. అంతే!"

పాపం, అక్క పాతకాలం మనిషి. బస్సును కాపాడాలంటే బస్సెక్కాలి అనుకుంటుంది!

అదృష్టం బాగుండి ఆ సమయానికి మా బామ్మర్ది ఇంట్లోనే ఉన్నాడు. వాడు కంటెంట్ క్రియేటర్. అంటే ఏం చేస్తావురా అని మా మామగారు కొన్నేళ్లుగా అడుగుతున్నారు. వాడూ పాపం ఓపిగ్గా వివరిస్తూనే ఉన్నాడు.

"వదినగారూ, మీరు చెప్పింది నిజమే. కానీ 'బస్సెక్కండి' అంటే ఎవడూ షేర్ చేయడండీ," అన్నాడు వాడు. "పోస్టులో పని చెప్పామా, జనం స్క్రోల్ చేసుకుని పోతారు. ఫీలింగ్ చెప్పాలి. ఏడిపించాలి. ఏడుపొచ్చినవాడు ఒక్కడే ఏడవడు, ఇంకో పదిమందికి పంపిస్తాడు."

"ఏడిస్తే బస్సు ఉంటుందా అబ్బాయ్?" అంది అక్క.

"మీరు చూస్తూ ఉండండి వదినగారూ!"

ఎంత లోతైన మాట! పని చెబితే పారిపోతారు, ఏడిపిస్తే పంచుకుంటారు. ఈ ఒక్క సూత్రం తెలియకే కదా మన పెద్దలు పాపం ఎండలో మాడిపోయింది!

అక్క చెప్పిన నాలుగు ముక్కల్ని వాడు అక్కడికక్కడే పోస్టుగా చెక్కడం మొదలుపెట్టాడు. ముందు బస్సు సమయం తీసేశాడు. "టైము పెడితే ఆ టైము దాటాక ఎవడూ చూడడు బావా." తరవాత స్టాపు పేరు తీసేశాడు. "పేరు పెడితే వేరే ఊరివాడికి కనెక్టవదు." ఆ పైన నంబరు కూడా ఎగిరిపోయింది. "అంకె కనిపిస్తే లెక్కల పరీక్ష గుర్తొస్తుంది, మూడ్ పోతుంది." చివరికి మిగిలింది వానకు తడుస్తున్న ఒక బస్సు కిటికీ, వెనక వయొలిన్, 'మన బస్సు - మన శ్వాస' అనే హ్యాష్‌ట్యాగ్. ఆ బస్సు వెనక నిలబడి పొగ పీల్చినవాళ్లకు శ్వాస విషయంలో వేరే అభిప్రాయం ఉండొచ్చు. కానీ క్యాప్షన్ అదిరింది!

ఇక రీల్ తీయాలి. హీరోయిన్ మా అక్కే. మర్నాడు పొద్దున్నే పన్నెండో నంబరు స్టాపులో నిలబడి ఉండగానే పని మొదలుపెట్టాం. వాన లేదు కాబట్టి నేను బయట స్టూలెక్కి, కిటికీ అద్దం మీద మగ్గుతో నీళ్లు పోస్తున్నాను. లోపల మా బామ్మర్ది కెమెరాతో సిద్ధంగా ఉన్నాడు.

తీరా చూస్తే పెద్ద చిక్కొచ్చి పడింది. బస్సులో జనం ఉన్నారు!

ఒక బేకరీ మాస్టరు, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, బ్యాంకు ముందు కాపలా కాసే తాతగారు, ఇంకా కొందరు. రోజూ ఎక్కేవాళ్లట. హాయిగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు.

"సగం నిండిన బస్సును చూసి ఎవరేడుస్తారు బావా?" అని మా వాడు తల పట్టుకున్నాడు. ఇక తప్పక అందర్నీ చేతులు జోడించి కిందికి దింపాం. పెద్ద మనసున్నవాళ్లు, మంచిపని అనగానే దిగి ఫుట్‌పాత్ మీద నిలబడ్డారు. ఖాళీ సీట్ల మధ్య అక్క ఒక్కతే మిగిలింది.

కండక్టరు గారు రిటైర్మెంట్ దగ్గరపడ్డ మనిషి. "మీరు బాధగా ఎటో దూరంగా చూడాలండీ," అని మా వాడంటే, "ఎవడు, టికెట్ తీసుకోలేదా?" అని వెనక్కి తిరిగాడు.

"వదినగారూ, ఓసారి కళ్లు తుడుచుకోండి."

"కళ్లకేమైందబ్బాయ్, బానే ఉన్నాయిగా!"

"బస్సు ఆగిపోతే మీ గతేమిటో తలచుకోండి."

"ఏముంది, అదిగో మీ బావ రోజూ పొద్దున్నే స్కూటర్ మీద దింపుతాడు."

ఆ మాటకు నాకు నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ కెమెరా నావైపు లేదు.

మొదటి రోజు వెలుతురు ఎక్కువైంది. రెండో రోజు ఏడుపు తక్కువైంది. మూడో రోజు మాత్రం అక్క పదేపదే గడియారం చూసుకుంది. "అక్కడ పెద్ద నర్సమ్మ నన్ను నిలబెట్టి కడిగేస్తోందిరా. మీకు వెలుతురు కుదిరేదాకా పుట్టే పిల్లలు ఆగుతారా?" అంటూ డ్యూటీ గుర్తొచ్చి నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. మా వాడు మాటలు తీసేసి ఆ కన్నీళ్లు ఉంచాడు. కళాకారుడంటే వాడు!

ఇంకో విశేషం. మూడో రోజు దింపుదామంటే బస్సులో ఎవరూ లేరు. రోజూ ఆలస్యమవుతోందని వాళ్లంతా వేరే దారులు చూసుకున్నారట. ఎంత సహకారమండీ!

ఇక రీల్ వదిలాక చూడాలి! లక్షలు దాటింది. 'గుండె బరువెక్కింది,' 'ఆఫీసులో ఏడ్చేశాను,' 'అమ్మ గుర్తొచ్చింది' అని కామెంట్లు వెల్లువెత్తాయి. బస్సు ఏకంగా కాలం చేసిందనుకుని ఒకాయన దాని ఆత్మకు శాంతి కోరాడు. ఎవరో తిక్క మనిషి 'ఇంతకీ ఈ బస్సు ఎక్కడెక్కాలి?' అని అడిగితే, మా వాడు ఆ కామెంటు వెంటనే తీసిపారేశాడు. అలాంటివి ఉంటే డిస్కషన్ పక్కదారి పడుతుందట.

మా కాలనీలో ప్రతి కారు వెనకద్దానికీ 'మన బస్సు - మన శ్వాస' స్టిక్కరు వెలిసింది. రోజూ పొద్దున్న ఆ కార్లన్నీ బారులు తీరి మెయిన్ రోడ్డు మీద నిలబడేవి. వాటి వెనక పన్నెండో నంబరు చిక్కుకుని, కదల్లేక మెదల్లేక, ఆ స్టిక్కర్లు చదువుకుంటూ ఉండేది. తన కోసం ఇంతమంది ఉన్నారని బస్సుకు ఎంత ధైర్యంగా ఉండి ఉంటుంది!

నెల చివర మేమంతా రవాణా ఆఫీసుకు వెళ్లాం. మూడు కార్లు పట్టాయి. అక్క కూడా సెలవు పెట్టి వచ్చింది. అక్కడి ఆఫీసరు మమ్మల్ని చూడగానే లేచి నిలబడి, మా బామ్మర్ది చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"మీ వీడియో మా ఇంట్లో అందరం చూశామండీ. మా కండక్టర్ని చూడగానే అది పన్నెండో నంబరని గుర్తుపట్టాను. మా ఆవిడ అన్నం కూడా సరిగా తినలేదు. నేనూ ఇన్నేళ్లుగా ఈ ఉద్యోగం చేస్తున్నాను. అంత ఖాళీ బస్సును ఎప్పుడూ చూడలేదు!"

మా వాడి ఛాతీ ఉప్పొంగింది.

"లెక్క చూడ్డానికి మనిషిని పంపుదామనుకున్నాం," అన్నాడు ఆఫీసరు. "మీది చూశాక ఆ అవసరం లేదనిపించింది. ఒక్కావిడ కోసం అంత బస్సు తిప్పడం మాత్రం న్యాయమా, మీరే చెప్పండి. నిన్ననే సంతకం పెట్టేశాను. రేపటి ట్రిప్పే ఆఖరు."

అక్క ఒక్క ఉదుటున లేచింది. "అయ్యా, మిగతావాళ్లని దింపేసి తీశారండీ అది! రోజూ జనం ఉండేవాళ్లు!"

"అలాగా అమ్మా?" అన్నాడాయన జాలిగా. "వీడియోలో మాత్రం కనిపించలేదే!"

బయటికొచ్చాక అక్క మెట్ల మీద కూలబడింది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదేరా," అంది. మా బామ్మర్ది మాత్రం నా చెవిలో, "చూశావా బావా, సర్కారు ఆఫీసర్నే కన్విన్స్ చేశాం! కంటెంట్ పవర్ అంటే అదీ!" అన్నాడు. కాదనగలమా? ఒక్క దరఖాస్తు పెట్టలేదు, ఒక్క నినాదం ఇవ్వలేదు. కేవలం ఒక రీల్‌తో ప్రభుత్వం నిర్ణయం తీసుకునేలా చేశాం! ఏ నిర్ణయం అన్నది తరవాతి విషయం.

ఇంత జరిగాక ఘనంగా వీడ్కోలు చెప్పకపోతే బాగుంటుందా? మా వాడు ఆ రాత్రికి రాత్రే కొత్త పోస్టరు వేశాడు. 'చివరిసారి ఎక్కుదాం రండి!' ఈసారి బస్సు నంబరు, స్టాపు పేరు, బయల్దేరే సమయం అన్నీ ఇంతింత అక్షరాలతో ఉన్నాయి. ఈవెంట్ కదా, వివరాలు లేకపోతే ఎలా?

వచ్చారండీ! ఇసుక వేస్తే రాలనంత జనం. సీట్లు నిండాయి. నడవ నిండింది. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నారు. ఒక్కో కిటికీలోంచి రెండేసి ఫోన్లు బయటికి వచ్చాయి. ఎవరో పాటందుకున్నారు, మిగతావాళ్లు ఏడుస్తూ చప్పట్లు కొట్టారు. ఈ రూటులో అంతమందిని జన్మలో చూడని కండక్టరు గారు, చెమటలు కక్కుతూ, టికెట్లు చింపుతూ, అరుస్తూ ఆనందంతో ఊగిపోతున్నాడు.

అప్పుడు అక్క వచ్చింది. రోజూ వచ్చే వేళకే, భుజాన క్యారేజీ సంచితో. జనాన్ని తోసుకుని తలుపు దాకా వచ్చి కమ్మీ పట్టుకోబోయింది.

కండక్టరు గారు ముఖమైనా చూడకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. "ఖాళీ లేదమ్మా, ఖాళీ లేదు! వెనక బస్సుకి రండి!"

"వెనక బస్సు ఎక్కడుంది నాయనా?" అంది అక్క.

గొంతు పోల్చుకుని ఆయన నాలుక కరుచుకున్నాడు. కానీ అప్పటికే విజిల్ ఊదేశాడు. అక్క సంచి సర్దుకుని రోడ్డు పక్కకు జరిగింది. ఇక మారాల్సిన రెండు బస్సుల్లో మొదటిది దొరికే చోటుకు ఆ రోడ్డు వెంట చాలా దూరం నడవాలి.

ఒక్క క్షణం నా మనసు చివుక్కుమంది. నా సీటు పక్క కిటికీలోంచి, "అక్కా!" అని చెయ్యి ఊపాను. అంతలో బస్సు కదిలింది. చల్లటి గాలి మొహానికి తగిలింది. అంత ఎత్తు మీద కూర్చుని చూస్తే రోజూ చూసే వీధే కొత్తగా కనిపించింది. హారన్ కొట్టే పని లేదు, పార్కింగ్ వెతుక్కునే పని లేదు. పైగా ఆ బస్సు సరిగ్గా మా ఆఫీసు గుమ్మం ముందే ఆగింది!

ఇంత హాయైన బస్సు మా వీధి చివరి నుంచే బయల్దేరుతుంటే, ఎక్కి చూడమని ఇన్నేళ్లలో నాకు ఒక్కరంటే ఒక్కరు చెప్పారా?