యాభై అయిదు నిమిషాల విజయవాడ

హైదరాబాదుకూ విజయవాడకూ మధ్య దూరాన్ని యాభై అయిదు నిమిషాలకు తగ్గించేశామని మంత్రిగారు దిల్‌సుఖ్‌నగర్ సభలో ప్రకటించారు. కొత్తగా వేసిన విమానం ప్రైవేటు కంపెనీది, ఆకాశం దేవుడిది. తగ్గించడం మాత్రం పూర్తిగా మంత్రిగారిదే.

ఈ ఘనతను కాపాడటానికి ప్రయాణ కాల సలహా సంఘం ఒకటి పుట్టింది. మంత్రిగారు తొలి విమానంలో వెళ్లి, మధ్యాహ్నం ఒంటిగంటకు విజయవాడ వేదిక మీద దాని చైర్మన్ పేరు చదువుతారు. ఆ పేరు భిక్షపతిదేనని అతనుండే మన్సూరాబాద్ అంతా అనుకుంటోంది. పదకొండేళ్లుగా పార్టీ ఫ్లెక్సీలు కట్టిన మనిషి. ప్రతి ఫ్లెక్సీలోనూ అతని మొహం అట్టడుగు వరసలో, తాడు ముడి పక్కనే ఉంటుంది. ఈసారి పై వరసకు ఎక్కుతానని భార్య స్వప్నకు మాటిచ్చాడు. పాపం, ఆ మాత్రం ఆశ ఉండదా మరి.

పదకొండు గంటల విమానానికి ఏడున్నరకే కాన్వాయ్ బయల్దేరింది. భిక్షపతికి మూడో కారులో చోటు, విమానం టికెట్టు రెండూ దొరికాయి. ఏదీ దొరకని పోటీదారు మహేందర్ అలిగి ఎల్బీనగర్‌లో విజయవాడ బస్సెక్కాడని తెలిసి భిక్షపతి తెగ నవ్వుకున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ దాటకముందే ఒక వర్గం క్రేన్‌తో ఆపిల్ గజమాల వేసింది. ఒకరి మాల వేయించుకుని ఇంకొకరిది వద్దంటే పార్టీ చీలిపోతుంది. అందుకని మంత్రిగారు ఓపిగ్గా ఆరు మాలలకు మెడ వంచారు. ఏడోది, ఎల్బీనగర్‌లో, భిక్షపతిది. బాటసింగారం మార్కెట్ నుంచి తెప్పించిన రెండు క్వింటాళ్ల ఆపిళ్లు. ఆ బరువుకు క్రేన్ రోడ్డుకు అడ్డంగా తిరిగి అక్కడే మొరాయించింది. వెనక దిల్‌సుఖ్‌నగర్ దాకా జనం బండ్లు ఆపేసి మరీ మంత్రిగారిని కళ్లారా చూసుకున్నారు.

పన్నెండు కావస్తుండగా పీఏ వెంకటేశ్వరరావు ఫోన్ చూసుకున్నాడు.

"సార్, మన విమానం విజయవాడలో దిగిందండి."

"ఎంత సేపట్ల దిగింది?"

"యాభై అయిదు నిమిషాలండి."

"మరింకేంది, మనం చెప్పిన మాట నిలబడ్డట్టే గదా," అని మంత్రిగారు ఒక ఆపిల్ కొరికారు.

ఒంటిగంటకు ఆ రోడ్డు మీది నుంచే వీడియో కాల్‌లో సభ నడిపించారు. అయితే నియామక పత్రం అందుకోవడానికి వేదిక మీద మనిషంటూ ఉండాలి. అక్కడ మనవాళ్లెవరున్నారని అడిగితే, అప్పుడే బస్సు దిగిన మహేందర్ ఒక్కడే ఉన్నాడని తేలింది. మంత్రిగారు ఆ పేరే చదివేశారు.

ఫోన్ తెరలో మహేందర్ మైకు పట్టుకున్నాడు.

"పొద్దుగాల ఇంట్ల చాయ్ తాగి విమానమెక్కిన. యాభై అయిదు నిమిషాలల్ల ఈడ దిగిన. అంతా మంత్రిగారి దయ."

చప్పట్లు ఆగలేదు. కారు పక్కనున్న విలేకరి, ఇది నిజమేనా అని భిక్షపతిని అడిగాడు. మంత్రిగారు నమలడం ఆపి తలతిప్పారు. పదకొండేళ్లలో ఆయన భిక్షపతి మొహాన్ని నిండుగా చూడటం అదే మొదలు.

భిక్షపతి గొంతు సవరించుకున్నాడు.

"యాభై అయిదు ఎక్కడిదన్నా. యాభైకే దిగిండు."