ఒకటిన్నర అంగీకారం

దేశ అత్యున్నత న్యాయస్థానంలో ఖాళీలు భర్తీ కాక, గోడకున్న పాత న్యాయమూర్తుల పటాలను దించి కుర్చీల్లో కూర్చోబెట్టి చాలా కాలమైంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాళ్లు ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. నూకాలమ్మ కేసు పడిన బెంచీలో ముగ్గురున్నారు. రాజుగారి ఫర్మానాను కొట్టేసిన మొదటాయన, ఆ తర్వాత మంత్రుల ఫర్మానాలన్నీ నిలబెట్టిన రెండో ఆయన, ఒంటరిగా అసమ్మతి తీర్పు రాసి పదోన్నతి పోగొట్టుకున్న మూడో ఆయన. ముగ్గురికీ ఒకే సైజు ఫ్రేములు.

నూకాలమ్మ చేపలమ్ముతుంది. ఆమె కొడుకు సింహాద్రి మంత్రిగారి సభలో లేచి, కుళాయిలో నీళ్లెప్పుడొస్తాయని అడిగి జైలుకు పోయాడు. ఆమె బెయిలు అడుగుతోంది. పటాలు మాట్లాడవు కనుక రిజిస్ట్రారు ప్రతిసారీ "వాయిదా" అని రాసేవాడు. ఆ రోజు మాత్రం ఆమె కదల్లేదు.

"ఆళ్లు నోరిప్పనేదు గదా బాబూ, వాయిదా అన్నారని నీకెవులు సెప్పినారు?"

"మౌనమంటే వాయిదానేనమ్మా. ఆనవాయితీ."

"మా కాడ మౌనం అర్ధాంగీకారం. పెళ్లిసూపుల్లో పిల్ల మాటాడకపోతే తాంబూలాలు పుచ్చీసుకుంతాం. మీకో నాయమా, మాకో నాయమా?"

రిజిస్ట్రారు నియమావళి తిరగేశాడు. అభ్యంతరమేమీ కనిపించలేదు. మూడు మౌనాలు మూడు అర్ధాలు, వెరసి ఒకటిన్నర అంగీకారం. బెయిలుకు ఒకటి చాలు.

"మిగిలిన సగం జైల్లో మావోడి పక్క గదిలో కుర్రోడికిచ్చీండి బాబూ."

"కుదరదమ్మా. మిగులు ప్రభుత్వానికి జమ."

సింహాద్రి ఇంటికొచ్చాడు. జైల్లో వాడికి నోరు మూసుకోవడం నేర్పారు. అక్కడ దాన్ని సత్ప్రవర్తన అంటారు. చేపల పులుసు పెడితే ఉప్పు సరిపోయిందో లేదో కూడా చెప్పలేదు.

వారం తిరక్కుండానే ఇన్‌స్పెక్టరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సభలో చేసిన నేరం ఒప్పుకుంటావా, సింహాద్రీ?"

"ఏదొకటి అను నాయినా!" అంది తల్లి. సింహాద్రి నేల చూశాడు. ఇన్‌స్పెక్టరు ఆ మౌనానికి సగం రాసుకుని, ప్రభుత్వానికి జమైన సగం కలిపాడు. నేరాంగీకారం పూర్తయింది.

"నానొప్పుకోను!" అని అరిచి నూకాలమ్మ వీధివైపు తిరిగింది. "మీరైనా సెప్పండర్రా!"

తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఇన్‌స్పెక్టరు ఆ మౌనాలను మిగులు కింద రాసుకున్నాడు.

"మౌనానికి సగమని మీరే తీర్పు తెచ్చారు కదమ్మా. మాటకి ఎంతో ఎక్కడా రాసిలేదు," అన్నాడు మర్యాదగా, సింహాద్రిని జీపెక్కిస్తూ.

"సరే, దానికీ యిలువ కట్టించుకొస్తాను," అంటూ నూకాలమ్మ కొంగు దోపింది.

మర్నాడు కోర్టు తలుపులు తీసేసరికి ఆమె అక్కడుంది. పటాల ముందు నిలబడి కుళాయి సంగతి దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది. మూడో ఆయన పటం కేసి చూస్తూ చెప్పిందే మళ్లీ చెప్పింది. సాయంత్రానికి జాలిపడి రిజిస్ట్రారు మంచినీళ్ల గ్లాసు అందించాడు.

ఆమె తీసుకోలేదు. గుటక వేసినంతసేపూ మాట ఆగుతుంది, ఆగితే అదీ ఓ సగమే. రిజిస్ట్రారు రెండో చేతిలో కలం ఉంది.