నాలుగు తట్టల మట్టి

ఒక పెద్ద అడవిలో సినిమా పిచ్చి పట్టని ప్రాణి ఒక్కటే మిగిలింది. అది చెరువు కట్టలో కాపురముండే ఎండ్రకాయ. మిగతావన్నీ పక్క ఊరి డేరా హాలు వెనక నక్కి, వరదలూ భూకంపాలూ ఆకాశం నుంచి ఊడిపడే గ్రహాలూ చూసి చూసి ఆరితేరిపోయాయి.

ఒక ఉదయం ఎండ్రకాయ పంచాయతీకి పరుగెత్తుకొచ్చింది. అధ్యక్షుడు ఎలుగుబంటి, కార్యదర్శి నక్క కొలువుతీరి ఉన్నాయి.

“దొరా, కట్టకు బుంగ పడింది. పక్క బొరియలోనే నా పిల్లలు ఏడూ ఉన్నాయి, ఇంకా నడకైనా రాలేదు. నాలుగు తట్టల బంకమట్టి వేయించండి, ఆగిపోతుంది.”

ఎలుగుబంటి మురిసిపోయింది. “అయితే నువ్వే మన శాస్త్రవేత్తవన్నమాట. ఇన్నాళ్లకు మనకూ ఒకరు దొరికారు.”

“మరి మట్టి?”

“ఇప్పుడే వింటే ఎట్లాగమ్మా?” అంది నక్క. “శాస్త్రవేత్త మాట ఇంటర్వెల్ దాకా ఎవరూ వినరు. మేం నవ్వాలి, నువ్వు కాగితాలు విసిరికొట్టి వెళ్లిపోవాలి. అది పద్ధతి.”

పద్ధతి ప్రకారం అన్నీ నవ్వాయి. ఎండ్రకాయకు ఒళ్లు మండింది గానీ, విసరడానికి దాని దగ్గర కాగితాలు లేవు.

మర్నాటికి బుంగలో నక్క తల పట్టేంత సందైంది. పంచాయతీకి మాత్రం ఊపిరి సలపని పని. హీరోగా అడవిపంది ఎంపికైంది. పెళ్లాంతో తగువు పడి విడిగా ఉంటున్నది అదొక్కటే మరి. “ఇల్లు చక్కబెట్టుకున్నవాడు లోకాన్ని ఎక్కడ కాపాడాడు?” అని నక్క తేల్చేసింది.

“దొరా, ఇప్పుడు నలభై తట్టలు కావాలి,” అంది ఎండ్రకాయ.

“బుంగ పూడిస్తే చూసేదెవరు? గండి పడాలి. ఆఖరి క్షణంలో పంది రావాలి,” అంది ఎలుగుబంటి, ఇప్పపువ్వు నములుతూ.

ఇక వీళ్లతో లాభం లేదనుకుని ఎండ్రకాయ పిల్లల్ని ఒక్కొక్కటిగా గుట్ట మీదికి మోసింది. మూడింటిని చేర్చి నాలుగోదాని కోసం దిగుతుండగా కట్ట తెగింది.

పంది సరిగ్గా ఆఖరి క్షణానికే వచ్చింది. నీళ్లకు ఆ సంగతి తెలియదు. పందినీ, పంచాయతీ బండనీ, ఎలుగు గుహనీ కలిపి ఊడ్చుకుపోయాయి.

సాయంత్రం తడిసి ముద్దయిన ఎలుగుబంటి గుట్టెక్కింది. గుట్ట కింద ఎండ్రకాయ మిగతా పిల్లల కోసం బురదలో ఇంకా వెతుకుతూనే ఉంది.

“ఇంటర్వెల్ అయిందమ్మా. ఇక చెప్పు, వింటాం.”

“చెప్పడానికి చెరువేదీ?” అంది ఎండ్రకాయ, తలెత్తకుండానే.

నీతి: నాలుగు తట్టల మట్టితో పోయే ముప్పును పోగొట్టకూడదు, చూడ్డానికేమీ మిగలదు.