ఒక్క దీర్ఘం తేడా

మధుమేహం ఉన్నవాడికి ఇంటి పక్కనే టిఫిన్ హోటల్ ఉండడం పూర్వజన్మ సుకృతం! నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

నాలుగు తరాలుగా మద్రాసులో పాతుకుపోయిన కుటుంబం మాది. నేను హైస్కూల్లో తెలుగు పండితుణ్ని. పోయిన వేసవిలో నా ఎడమకాలి బొటనవేలు మొద్దుబారింది. మైలాపూరు డాక్టరుగారు చూసి, "చక్కెర బాగా ఎక్కువైంది. రాత్రిపూట అన్నం మానేసి ఫలాహారం చెయ్యండి. లేకపోతే ఆ వేలు తీసెయ్యాల్సి వస్తుంది" అన్నారు. ఆయనది బెజవాడ, ఒక్క దీర్ఘం కూడా మింగకుండా పలుకుతారు.

ఫలాహారం! ఫల ప్లస్ ఆహారం, సవర్ణదీర్ఘ సంధి. అంటే పళ్లు తినమని. ఇది నాకు తెలియదా? ఏటేటా పిల్లలకు బెత్తం పుచ్చుకుని మరీ నేర్పుతున్నానే! కాని మా ఇళ్లల్లో ఫలహారమంటే ఏమిటి? వడ, బజ్జీ, బోండా, దోసె. రెంటికీ ఒక్క దీర్ఘం తేడా. ఆపాటి దానికి పక్కింటి హోటల్‌వాళ్లను నొప్పించడం మర్యాదేనా?

టి. నగర్‌లో మా సందులో సాయంత్రమయ్యేసరికి నెయ్యి వాసన గోడ దాటి వస్తుంది. ఇక ఇంట్లో ఎవడు కూర్చుంటాడు? సర్వర్ నాగప్పన్‌కు వైద్యం క్షుణ్ణంగా తెలుసు. "ఇది గోదుమ దోసె సార్, బియ్యమే లేదు. ఒంటికి రొంబ మంచిది" అంటాడు. వడ పప్పే గాని అన్నం కాదు గదా! బోండా లోపల ఉన్నది ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, అంటే కూరగాయ. మరి మైసూర్‌పాకు? అది నాగప్పన్ తన కొడుకు పుట్టినరోజని పెట్టాడు. వద్దంటే మనసు నొచ్చుకోడూ?

ఇంటికొచ్చాక నా భార్య చెంగమ్మ కోసిపెట్టిన జామపండు ముక్కలు కూడా తింటాను. దీర్ఘం లేనిదీ అయింది, ఉన్నదీ అయింది. ఇంతకన్నా మాట వినే రోగి ఏ డాక్టరుకు దొరుకుతాడు?

క్రితం వారం చెంగమ్మా నేనూ డాక్టరుగారి దగ్గరికి మళ్లీ వెళ్లాం. మూత్రపరీక్షలో నీలంగా ఉండాల్సిన నీళ్లు ఇటుక రంగుకు తిరిగాయి. డాక్టరుగారు నా బొటనవేలు సూదితో గుచ్చారు. నాకు తెలియనే లేదు. "నిజం చెప్పండి, రాత్రిళ్లు ఏం తింటున్నారు?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపలే చెంగమ్మ అందుకుంది. "జామపండు తప్ప ఇంకేమీ ముట్టేది లేదు డాక్టరయ్యా. పిల్లోళ్లకు సదువు చెప్పే మనిషి, ఆయనెందుకు అబద్దం ఆడతారు?"

తెరిచిన నోరు మూసుకున్నాను. డాక్టరుగారు, "అయితే పళ్లు కూడా ఆపేయండి. నెలలో తగ్గకపోతే వేలు తీసేద్దాం" అన్నారు. పాపం, జామపండు! ఏ నేరమూ చెయ్యకుండా శిక్ష పడింది.

ఇంటికొచ్చాక చెంగమ్మ, "ఈ పొద్దు నుంచి రాత్రిళ్లు నేనూ తినను. మీరు ఈడ పస్తుంటే నాకు ముద్ద దిగతాదా?" అంది. అన్నట్టే ఇన్ని మజ్జిగ తాగి పడుకుంటోంది. పక్కన నేను తేన్పు రాకుండా ఊపిరి బిగబట్టుకుని పడుకుంటున్నాను.

ఆమె చదివేది అరవ పత్రికలే గనుక ఇదంతా ధైర్యంగా రాస్తున్నాను. రోజూ హోటల్ ముందు నిలబడి, లోపలికి వెళ్లనని ఒట్టు పెట్టుకుంటున్నాను. ఒట్టు పూర్తయ్యేసరికి ఆకు ముందు కూర్చుని ఉంటున్నాను. నావల్ల కాదని తేలిపోయింది. మీలో ఎవరికైనా కార్పొరేషన్‌లో పలుకుబడి ఉంటే ఆ హోటల్ మూయించండి, పుణ్యముంటుంది. నా వేలు నల్లబడుతోంది. చెంగమ్మ చిక్కిపోతోంది. వెంటనే మూయించండి.

వెంటనే అంటే, రేపు. ఈ సాయంత్రం రవ్వదోసె వేస్తున్నామని నాగప్పన్ చెప్పాడు.