బుచ్చవ్వ కోత కోసం ధర్నా

ఆ పొద్దున బుచ్చవ్వ పెట్టుకున్న పని ఒక్కటే. టమాట తొక్కుతో ఇంత అన్నం తిని, కోరుట్లలో తన ఇంటి అరుగు మీద ఎండకు కూర్చోవడం. కాలేయం మీద లేచిన గడ్డను జగిత్యాల దవాఖానలో తీసి వారమే అయింది. లావు మనిషి, మంచం మీంచి లేపడానికే ఇద్దరు కావాలనుకున్నారు అందరూ. ఆమె ఒక్కతే లేచి అరుగు దాకా నడిచింది. అదే తప్పయిపోయింది.

పలకరించను వచ్చేవాళ్లకు పేషెంటు మూలుగుతూ పడుకుని కనిపించాలి. లేకపోతే తెచ్చిన బత్తాయిలు దండగ. ఎదురింటి కొమురయ్య సంచి పట్టుకుని వచ్చి, అరుగు మీద ఆమెను చూసి ముఖం ముడిచాడు.

"ఏవీ, కుట్లు చూపియ్యి."

బుచ్చవ్వ కొంగు జరిపింది. పొట్ట మీద అక్కడొకటి, ఇక్కడొకటి చిన్న పట్టీలు.

"గివ్వేనా? దోమలు కుట్టినట్టున్నది!" కొమురయ్య అంగీ పైకెత్తాడు. పక్కటెముకల కింద ఈ కొస నుంచి ఆ కొసకు పాకిన మచ్చ. కిందటేడు అతనికీ కాలేయం ఆపరేషనే. ఆ మచ్చను అతను బస్టాండులో ముక్కూముఖం తెలియని వాళ్లకు కూడా చూపిస్తాడు. "బక్క పానం, నాకే గింత కోసిండ్రు. నువ్వు నాకు మూడింతలున్నవ్. నీకెంత కొయ్యాలె?"

"చిన్న చిన్న పొక్కలు వెట్టి, లోపటికి కెమెరా వంపి తీస్తమన్నరే అన్నా..."

"నిమ్మకాయంత గడ్డ గంత చిన్న పొక్కలకెళ్లి ఎట్ల ఎల్తది?"

కోడలు మంజుల గడపలోకి వచ్చింది. "అది కాదు మామా, కింద ఇంకోటి..."

"నువ్వూకో పిల్లా!"

బుచ్చవ్వ పట్టీలను మళ్లీ ఒకసారి తడిమి చూసుకుంది. నిజమే, ఎట్లా వెళ్తుంది? సూది పొడిచారు, కళ్లు మూసింది. తెరిచేసరికి వార్డులో ఉంది. నడుమ ఏం జరిగిందో ఎవరు చూశారు? గడ్డ లోపలే ఉంటే? పొట్ట మడత కింద మంటగా ఉంటే చెమటకాయలనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడది గడ్డ పెడుతున్న మంటే అనిపించింది.

కొడుకు దుబాయిలో ఉన్నాడు. అందుకని సిరిసిల్లలో ఉన్న అన్న కొడుకు అరుణ్‌కు ఫోను చేసింది. "అల్లుడా, నాకు ఆపరేషన్ అయ్యిందా, కాలేదా?"

అరుణ్ యువజన సంఘం నాయకుడు. ప్రశ్న చివరిదాకా వినే ఓపిక అతనికెక్కడిది?

"కాలేదా? అత్తా, నువ్వు తయారుగుండు!"

ఆ మాట సిరిసిల్లలో మరమగ్గాలాడే సాంచాల షెడ్డు దాటేసరికి 'మోసం చేసిండ్రట' అయింది, బస్టాండుకు చేరేసరికి 'కిడ్నీ తీసుకున్నరట' అయింది. మన సంఘాల్లో ముందు బ్యానరు పుడుతుంది, సంగతి తర్వాత తెలుస్తుంది. 'బుచ్చవ్వకు న్యాయం జరగాలి' అని రాయించుకుని, జనాన్ని ఆటోల్లో ఎక్కించుకుని, అరుణ్ కోరుట్లలో బుచ్చవ్వ, మంజుల, కొమురయ్యలను కలుపుకుని జగిత్యాలకు బయలుదేరాడు.

ఆటోలో మంజుల మళ్లీ నోరు తెరిచింది. "అత్తా, నీ మడత కింద..."

"నినాదం సూడనియ్యి మంజులా!" అన్నాడు అరుణ్.

దవాఖాన గేటు ముందు జంపఖానా పరిచారు. కొమురయ్యను అంగీ లేకుండా స్టూలు మీద నిలబెట్టారు, అసలు ఆపరేషన్ ఎలా ఉంటుందో లోకానికి తెలియాలి కదా!

"బక్కోనికో కోత, లావామెకో కోత!"

"నడవది! నడవది!"

అందరికంటే గట్టిగా అరుస్తున్నది బుచ్చవ్వే. భయం అలా అరిపిస్తున్నది.

ఆపరేషన్ చేసిన డాక్టరు సౌమ్య బయటికి వచ్చింది. "గంత గట్టిగ ఒర్లుతున్నది ఎవరు?"

"నేనే!"

"కడుపు పెద్దగ తెరిచి ఉంటే ఈపాటికి దగ్గనీకి గూడ ఏడ్చేదానివమ్మా. లావున్నోళ్లకు పెద్ద కోత తొందరగ మానది, చీము వడుతది. అందుకే పొక్కలు వెట్టి చేసిన."

"మరి గడ్డ ఎటుకెళ్లి ఎల్లింది?"

డాక్టరు ఆమెను, మంజులను లోపలికి తీసుకుపోయి తలుపు వేసింది. "పొట్ట జర పైకి లేపు."

బుచ్చవ్వ రెండు చేతులతో లేపింది. మంజుల ఫోనుతో ఫొటో తీసి చూపింది. మడత కింద, అడ్డంగా, నాలుగు వేళ్లంత పట్టీ. చెమటకు తడిసి ఊడుతున్నది.

"గడ్డను లోపట్నే ప్లాస్టిక్ సంచిల వేసి గీడికెళ్లి తీసినం. గడ్డ మొత్తం అచ్చింది. నీకు నీ పొట్టే అడ్డమున్నది."

"గా జాగ నేను సూసుకోక ఎన్నేండ్లాయె బిడ్డా!" అంది బుచ్చవ్వ. నవ్వబోయి ఏడ్చింది. "నాకెందుకు చెప్పలే?"

"మీ కోడలికి చెప్పి వంపిన."

ఎవరి కడుపు సంగతి వాళ్లకు చెప్పకుండా కోడలికి చెప్పి పంపడం ఏం పద్ధతో! మంజుల మాత్రం ఫోను కొంగున తుడుచుకుంటూ, "పొద్దుగాల్ల సంది చెప్తనే ఉన్న," అంది.

కొత్త పట్టీ వేయించుకుని బుచ్చవ్వ గేటు దగ్గరికి వచ్చింది. "అయ్యింది! నాకు ఆపరేషన్ అయ్యింది! లేవుండ్రి!"

జనం ఉసూరుమన్నారు. అరుణ్ బ్యానరు చుట్టసాగాడు. కొమురయ్య అంగీ గుండీలు పెట్టుకుంటూ మధ్యలో ఆగాడు.

"అయితే, పొక్కలతోటే పని అయితదా?"

"అయితది మామా," అంది మంజుల.

"మరి నాకెందుకు గింత కోసిండ్రు?"

"కొన్ని గడ్డలు పెద్ద నరాన్ని అంటుకొని ఉంటయి. తెరువక తప్పది," అంది వెనకే వచ్చిన డాక్టరు.

కొమురయ్య వినలేదు. స్టూలు దిగి, జంపఖానా నడుమ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "బక్కోన్నని అలుసా?"

అరుణ్ బ్యానరు మళ్లీ విప్పాడు. పేరొక్కటి మారిస్తే సరిపోయింది.