పొట్టేలు బరువు ఎనిమిది వందల కిలోలు

"తప్పుడు విలువ ఒక్కటి కూడా మా గుమ్మం తొక్కదు!" అని మా కంపెనీ అధిపతి ఫెర్గస్ మక్‌ఫీ సభాముఖంగా ప్రకటించాడు. మా సౌత్‌లాండ్ ప్రాంతంలోని గొర్రెలన్నీ ఊపిరి పీల్చుకున్నాయి!

మాది గోర్ పట్నంలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. గొర్రె బరువు చెబితే ఎంత దాణా వేయాలో లెక్కగట్టే లైబ్రరీ తయారుచేశాం; పుస్తకాలది కాదు, యంత్రాలు వాడుకునే ప్రోగ్రాముల కట్ట. దాణా యంత్రాలు దాన్ని పిలిచి అడుగుతాయి. ఏ విలువ పంపినా ముందు తనిఖీ. అంకేనా? సున్నాకన్నా ఎక్కువేనా? అసలు గొర్రెన్నది అంత బరువుంటుందా? తేడా వస్తే మర్యాదగా వెనక్కి పంపేస్తుంది. ఆ తనిఖీలన్నీ మా నైరీ రాసింది. వాటిమీద ఉపన్యాసాలన్నీ ఫెర్గస్ ఇచ్చాడు. పని పంచుకోవడమంటే అదే మరి!

రైతుల సహకార సంఘం కొనేముందు ప్రదర్శన అడిగింది. వాళ్లు కొనకపోతే మా జీతాలకు మంగళమే. సంఘాధ్యక్షురాలు జోసెలిన్ టేట్ ఎదుట ఫెర్గస్ తన సొంత పొట్టేలును నిలబెట్టి, గొప్పకోసం దాని బరువు ఎనిమిది వందల కిలోలని దాణా యంత్రంలో కొట్టాడు.

"గొర్రె అంత బరువుండదు. దయచేసి సరిచూసుకోండి," అంది యంత్రం. అదీ మైకులో!

రైతులు గొల్లుమన్నారు. ఫెర్గస్ నైరీని పక్కకు లాగాడు.

"నన్నే తనిఖీ చేస్తుందా? నేనెవరనుకుంటోంది?"

"దానికి మనుషులు తెలీరు ఫెర్గస్. విలువలే తెలుసు."

"మనలాంటి పెద్దమనుషులకి వేరే దారి పెట్టు తల్లీ!"

"ఆ దారిలో ఏం చెప్పినా నమ్మేస్తుంది మరి."

"నమ్మాలనేగా నా గోల!"

నైరీ నావంక చూసింది. జీతం గుర్తొచ్చి నేను ఆకాశంవంక చూశాను. ఆమె నిట్టూర్చి దారి తెరిచింది.

ఫెర్గస్ మళ్లీ ఎనిమిది వందలు కొట్టాడు. లైబ్రరీ నోరెత్తలేదు. యంత్రం దాణా కుమ్మరించింది, కుమ్మరిస్తూనే ఉంది! పొట్టేలు చెవులు మాత్రమే పైకి మిగిలాయి. జోసెలిన్ కుర్చీ ఎక్కి నిలబడింది.

"ఆపు! ఆపు!" ఫెర్గస్ మోకాళ్ల లోతు దాణాలో గంతులేస్తూ ఆపే మీట నొక్కాడు.

"ఎన్ని నిమిషాలు ఆపాలి?" అని తెరమీద ప్రశ్న వచ్చింది.

కంగారులో "త్వరగా" అని కొట్టాడు. పెద్దమనిషి మాట, కాదంటుందా? అందులో అంకె కనబడక సున్నా అనుకుంది. సరిగ్గా సున్నా నిమిషాలు ఆగి మళ్లీ మొదలెట్టింది!

నైరీ వెళ్లి వైరు పీకేసింది.

జోసెలిన్ త్రాసు తెప్పించింది. తవ్వి తీసిన పొట్టేలు తొంభై కిలోలు తూగింది.

"ఎనిమిది వందలన్నావేమయ్యా?"

"ఇందాక అంతే ఉందండీ! భయానికి చిక్కిపోయింది."

జోసెలిన్ పగలబడి నవ్వింది. "మొదట కాదన్న లైబ్రరీ ఉంది చూడు, అది కొంటాం. కానీ నువ్వూ అందరిలాగే తనిఖీకి నిలబడాలి నాయనా."

నైరీ అక్కడికక్కడే పెద్దమనుషుల దారి మూసేసి, వైరు తగిలించింది. ఫెర్గస్ తలవంచుకుని తొంభై కొట్టాడు.

"సరిపోయింది. ధన్యవాదాలు," అంది యంత్రం. గుప్పెడు దాణా రాల్చింది. రైతులు చప్పట్లు కొట్టారు.

ఫెర్గస్ నా చెవి దగ్గరకొచ్చాడు.

"ఒరేయ్, ఆ ధన్యవాదాల పక్కన, నా ఒక్కడికే, 'సర్' అని పెట్టించలేవూ?"